వెనక రెండు స్పీకర్లు

పామూరు రోడ్డులో నా కొట్టుకి
ఈ ఏడు పదకొండోసారి వచ్చిందా నల్ల పెట్టె.
ఐదువేల తొమ్మిదొందలు. ఐదు స్పీకర్లు, ఒక బాసు.
అట్ట మీద వెయ్యి వాట్లని రాసుంటది,
మీటరు పెడితే అరవై దాటదు.
మూత విప్పితే ఎవరో ఒకరు కాపురముంటారు లోపల:
చీమలు, బొద్దింక గుడ్లు,
ఒకసారి ఎండిపోయిన బల్లి,
తోక మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ అవతల.
ఉబ్బిన కెపాసిటర్లు పీకడానికి గంట పడుతుంది.
కొన్నవాళ్ళ అభిప్రాయాలు
నేను స్క్రూడ్రైవరు వెతుక్కునే లోపే బల్ల మీదుంటాయి.

"బంగారమన్నా" అంటాడు ఓగూరు దేవసహాయం.
ఆదివారం ప్రార్థనకి మైకు దీన్లోనే గుచ్చుతాడు.
"ఆ ఎకో ఒక్కటి చాలు,
నలుగురం పాడితే నలభై మందిమైపోతాం."

"శుద్ధ దండగ" అంటాడు లెక్కల మాస్టారు సుబ్బరాయుడు.
వాటుకెంత పడిందో భాగించి,
శేషంతో సహా నా గోడ మీద పెన్సిలుతో రాశాడు.
అయినా పాత పంచెలో చుట్టి
ఆటోలో ఒళ్ళో పెట్టుకునే తెస్తాడు,
పక్కన ఎంత ఖాళీ ఉన్నా.

బట్టలు కుట్టే కరీమున్నీసా
ఐదు రంధ్రాల్లో నడిమిదానికొక్కదానికే వైరు పెట్టుకుంది.
"మాట తెలిస్తే చాలు భాయ్,
మిషను మోతలో వాన చప్పుడెవరికి కావాల?"

ఇక పలుకూరు మాల్యాద్రి.
ఊరి పేరులో పలుకుంది, నా పెట్టెలో లేదంటాడు.
"సగం సౌండు యాడికో పోతంది, వచ్చి చూడు."

పోయి చూశా.
ఉన్నది ఒకటే గది. వెనక స్పీకర్లు పలికితే
ఎవరో వీపు వెనక నడుస్తున్నట్టుంటదని
వాళ్ళావిడ ఒప్పుకోలేదంట.
కిటికీలోంచి వైరు, వాకిలి దాటి, వేపకొమ్మ మీదుగా,
పొగాకు బ్యారన్ చూరుకి.
అక్కడ రెండు మేకులకి రెండు స్పీకర్లు.
వాటి కింద బస్తా పరుచుకుని ఓబులు,
కనిగిరి వైపు మనిషి,
ఈ సీజనుకి మంట చూడటానికొచ్చాడు.

అతన్నెవరూ అడగలేదు ఎట్టా ఉందని.
కొన్నవాడు కాదు గదా.
నేను నిచ్చెనెక్కి వైరు చూస్తుంటే తనే చెప్పాడు:

"మంచి పెట్టె సారూ.
రాత్రి మొద్దు లోపలికి తోసి కూచుంటానా,
ఇంట్లో వాళ్ళు బొమ్మ పెడతారు.
మాటలు ఇటు రావు.
ఎవరు ఎవర్నెందుకు కొట్టారో తెలీదు.
గుర్రాలు పోతయి. తలుపు మూసుకుంటది.
యాడో జనం గోల.
మొన్నొక సినిమా అంతా వానే.
మా వైపు అట్టాంటిది పడి మూడేళ్ళు.
బయటేసిన ఆకు తడుస్తదేమోనని
లేచి పట్టా కప్పొచ్చా."

కప్పిన పట్టా ఇంకా అట్టానే ఉంది,
దాని మీద బూడిద.

ఎడమదాని వైరు ఊడింది, బిగించా.
కింద నుంచి మాల్యాద్రి:
"బయట పలికి ఎవరికి లాభం?
రెండూ పీకి లోపల పెట్టన్నా, ఆమెకి నేను చెప్పుకుంటా."

వేడికి వైరు పెళుసైంది, లాగితే తెగుద్దన్నా.
కొత్తది వెయ్యాలంటే ఎనిమిదొందలన్నా.
రాగి నిగనిగలాడుతోంది నా గోటి కింద.
ముప్ఫై ఏళ్ళలో
బాగున్న సరుకుని పోయిందని చెప్పడం అదే మొదలు.
పోయినదాన్ని బాగుందని చాలాసార్లు చెప్పాను, అది వేరు.

"ఇంతకీ నీ మాటేంది? మా బావమరిది కొంటానంటన్నాడు."
కొనొచ్చన్నా. గాలాడే చోట పెట్టుకోమని,
ఆర్నెల్లకోసారి మూత తీసి దుమ్మూదుకోమని చెప్పా.

రెండొందలిచ్చి
యాభై వెనక్కి అడిగాడు.
ఇచ్చా.